చిన్న ఊరి హైస్కూలు: ఫలితాలు, చేరికల లెక్క ఎలా చూడాలి

పాతికమంది పరీక్ష రాసిన బడిలో ఒక్కరు తప్పితే ఉత్తీర్ణత 4 శాతం పడిపోతుంది. 250 మంది రాసిన చోట అదే ఒక్కరి బరువు 0.4 శాతం. పాతికమంది బడిలో నిరుడు 80 శాతం, ఈసారి 68 అని గగ్గోలు పెట్టేముందు ఆ తేడా ముగ్గురు పిల్లలదని గుర్తుంచుకోవాలి.

అందుకే శాతాలు పక్కనపెట్టి ముందు తలలు లెక్కపెట్టండి. ఏడాదికో వరుస: మొదటి నెలలో రోల్లో (హాజరుపట్టీలో) ఉన్నవాళ్లు, మధ్యలో చేరినవాళ్లు, టీసీ తీసుకుని వెళ్లినవాళ్లు, చెప్పకుండా మానేసినవాళ్లు, పరీక్ష రాసినవాళ్లు, పాసైనవాళ్లు. కనీసం ఐదేళ్లవి ఉండాలి.

ఎక్కువమంది బోల్తాపడేది భాగహారంలో కింద వేసే సంఖ్య దగ్గర. పదో తరగతి రోల్లో 25 మంది, రాసింది 20, పాసైంది 18 అనుకోండి. రాసినవాళ్లలో చూస్తే 90 శాతం, రోల్లో ఉన్నవాళ్లలో చూస్తే 72. చదువులో వెనకబడ్డవాళ్లను పరీక్షదాకా రానివ్వని బడి మొదటి లెక్కలో మెరిసిపోతుంది. రెండూ పక్కపక్కనే రాయండి. టీసీతో వేరే బడికి వెళ్లినవాళ్లను రెండో లెక్కలోంచి తీసేయొచ్చు, మానేసినవాళ్లను మాత్రం తీయకూడదు.

తేడా నిజమా, ఊగిసలాటా? 80 శాతాన్ని 0.8గా రాసి, మిగిలిన 0.2తో గుణిస్తే 0.16. దాన్ని రాసినవాళ్ల సంఖ్య 25తో భాగించి వర్గమూలం తీస్తే 0.08, అంటే 8 శాతం పాయింట్లు. బడిలో ఏమీ మారకపోయినా ఒక ఏడాది ఫలితం మామూలుగా అటూఇటూ ఊగే మేర ఇది. రెండేళ్లను పోలుస్తున్నప్పుడు ఇది 1.4 రెట్లయి సుమారు 11 అవుతుంది. పైన చెప్పిన 12 పాయింట్ల పతనం దాదాపు అంతే, బడిని తప్పుపట్టడానికి అది చాలదు. మూడేళ్లు కలిపి 75 మందిని చూస్తే 8 కాస్తా 4.6కి దిగుతుంది. కలపడమంటే పిల్లల్ని కలపడమే, శాతాల సగటు కాదు. ఒక ఏడాది 10లో 9, మరుసటి ఏడాది 30లో 18 పాసైతే శాతాల సగటు 75, అసలు లెక్క 40లో 27, అంటే 67.5.

చేరికలకు వేరే పద్ధతి. నిరుడు ఎనిమిదో తరగతిలో 30 మంది, ఈ ఏడాది తొమ్మిదో తరగతిలో 27 మంది ఉంటే నిష్పత్తి 0.90. ఇలా మూడేళ్ల సగటు తీసి ఇప్పటి ఎనిమిదో తరగతిని దానితో గుణిస్తే వచ్చే ఏటి తొమ్మిది అంచనాకు వస్తుంది. ఆ 27లో ముగ్గురు తప్పి మళ్లీ అదే తరగతి చదువుతున్నవాళ్లైతే? నిజంగా పైకొచ్చింది 24 మంది, నిష్పత్తి 0.80. రిజిస్టరు తిరగేసి పేర్లు సరిచూడకపోతే ఈ లీకు కనిపించదు.

పుట్టుకలు తగ్గితే కింది తరగతుల నుంచి బడి సన్నబడుతుంది, నిష్పత్తి పెద్దగా కదలదు. నిష్పత్తే పడుతుంటే పిల్లలు ఎటో వెళ్తున్నారన్నమాట. అప్పుడు ఏ తరగతి తర్వాత వెళ్తున్నారో చూసి, ఆ ఏడాది ఏ సబ్జెక్టు టీచరు పోస్టు ఖాళీగా ఉందో వాకబు చేయండి. ఊరంతా పథకాలు వేసేముందు అడగాల్సిన ప్రశ్న అదే.

నోటీసుబోర్డులో పెట్టేటప్పుడు చిన్న గుంపుల ఫలితాలు విడిగా వేయకండి. ముగ్గురున్న గుంపులో ఒకరు తప్పారని రాస్తే, ఆ ఒక్కరెవరో సాయంత్రానికి ఊరంతటికీ తెలిసిపోతుంది.