డిక్కీ మూత నిలబడటం లేదా? షాకర్లు కొనే ముందు ఇవి చూడండి

దాదాపు ఏడాదిపాటు మా కారు డిక్కీలో ఒక చీపురు కర్ర పడి ఉండేది. మూత ఎత్తడం, కర్ర ఆనించడం, సామాను దించడం, కర్ర తీసి మూయడం అందరికీ అలవాటైపోయింది. ఒకరోజు బియ్యం బస్తా దించుతుంటే భుజం తగిలి కర్ర జారింది, మూత మెడ మీద పడింది. అప్పటికి గానీ బుద్ధి రాలేదు. తీరా చూస్తే అది అరగంట పని.

హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీ కార్లలో వెనుక మూతను ఎత్తి నిలిపేవి రెండు పక్కలా ఉండే గ్యాస్ స్ట్రట్లు. విడిభాగాల దుకాణంలో ‘డిక్కీ షాకర్లు’ అని అడిగితే ఇస్తారు. ఉక్కు గొట్టంలో నైట్రోజన్ వాయువును, కొద్దిపాటి నూనెను బంధించి ఉంచుతారు. గొట్టంలోంచి బయటికి, లోపలికి జారే రాడ్డు 8 మిల్లీమీటర్ల మందం ఉన్న షాకర్ 400 న్యూటన్ల బలంతో తోయాలంటే లోపల 80 బార్ల దాకా పీడనం ఉండాలి. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త ఎక్కువ. అంత పీడనాన్ని ఆపేది రాడ్డు చుట్టూ ఉన్న చిన్న సీలు. ఏళ్ల తరబడి దుమ్ము, ఎండ తగిలి అది అరిగితే వాయువు మెల్లగా జారిపోతుంది.

పొద్దున పడిపోతుంది, మధ్యాహ్నం నిలబడుతుంది

షాకర్ బలహీనపడిందని చెప్పే తొలి గుర్తు ఇదే. దీన్నే చాలామంది పట్టించుకోరు. చల్లబడితే వాయువు పీడనం తగ్గుతుంది. పది డిగ్రీలకు సుమారు మూడున్నర శాతం చొప్పున లెక్క వేసుకోవచ్చు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఉన్న బలానికీ, డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల్లో ఉన్న బలానికీ తొమ్మిది శాతం దాకా తేడా వస్తుంది. కొత్త షాకర్‌కు మిగులు బలం ఉంటుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు. అరిగినదానికి ఆ మిగులు ఉండదు. చలికాలంలో మూత జారుతూ ఎండాకాలంలో బాగానే ఉంటే, రోగం నయమైందని అనుకోకండి.

రాడ్డు మీద నూనె జిడ్డు

పలుచని పూత ఉంటే భయం లేదు. నూనె చారలు దిగి వాటికి దుమ్ము పట్టి ఉంటే మాత్రం సీలు పోయినట్లే. అయితే రాడ్డు పొడిగా ఉన్నంత మాత్రాన షాకర్ బాగుందని కాదు. నూనె బయటికి రాకుండానే వాయువు పోవచ్చు.

మూత ఒక పక్కకు మెలితిరుగుతోంది

ఒకవైపు షాకర్ పూర్తిగా చచ్చిపోయి ఉండవచ్చు. కొనే ముందు రెండు చివర్లనూ చేత్తో పట్టుకుని కదిపి చూడండి. గుండ్రని బంతి బోల్టు వదులైనా, దాని మీద కూర్చునే గిన్నె ఊడివచ్చినా ఇదే లక్షణం కనిపిస్తుంది. బోల్టు అయితే పానాతో బిగిస్తే, గిన్నె అయితే తిరిగి బంతి మీద నొక్కితే సరిపోతుంది.

అసలు షాకర్ తప్పే కానివి

మూత తెరిచేటప్పుడు మొదటి జానెడు మనమే ఎత్తాల్సి రావడం చాలా కార్లలో మామూలే. మూసి ఉన్నప్పుడు షాకర్ తోసే దిశ కీలుకు దగ్గరగా పోతుంది కాబట్టి పట్టు చిక్కదు. మునుపటికంటే ఎక్కువ ఎత్తాల్సి వస్తేనే అనుమానించాలి. వెనుక స్పాయిలర్ పెట్టించినా, సైకిల్ స్టాండు తగిలించినా పాత షాకర్లు ఆ అదనపు బరువును మోయలేవు. కీళ్లు తుప్పు పట్టి ఉంటే, షాకర్లు విప్పి మూతను చేత్తో ఆడించినప్పుడు బిగుసుకున్నట్టు తెలుస్తుంది. ఇక చాలా సెడాన్ కార్లలో షాకర్లే ఉండవు, మెలితిప్పిన ఉక్కు కడ్డీలు మూతను ఎత్తుతాయి. మోటారుతో తెరుచుకునే మూతల జోలికి ఇంట్లో వెళ్లకండి.

అనుమానం తీరకపోతే బరువు తూచే యంత్రం చాలు. విప్పిన షాకర్‌ను రాడ్డు కిందికి ఉండేలా యంత్రం మీద నిటారుగా ఆనించి, రాడ్డు కొద్దిగా లోపలికి కదిలేదాకా నొక్కి కదలకుండా పట్టుకోండి. కిలోల్లో వచ్చిన అంకెను 9.8తో గుణిస్తే న్యూటన్లు వస్తాయి. 400 న్యూటన్ల షాకర్ దాదాపు 41 కిలోలు చూపాలి. నా దగ్గర ఒకటి 26 దగ్గరే ఆగింది.

కొనేటప్పుడు

గొట్టం మీద అంకె, దాని పక్కన ‘ఎన్’ అనే ఆంగ్ల అక్షరం ఉంటాయి. అదే బలం. దానితో పాటు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒక బంతి మధ్య నుంచి రెండో బంతి మధ్య వరకు పొడవు, రాడ్డు లోపలికి వెళ్లే దూరం, చివర్ల ఆకారం సరిపోవాలి. నేను మొదటిసారి పొడవు మాత్రమే చూసి, దుకాణదారు ‘ఇది ఇంకా గట్టిది’ అంటే సంబరపడి తెచ్చుకున్నాను. బొత్తాం నొక్కగానే మూత పైకి ఎగిరింది, మూయడానికి ఇద్దరం వేలాడాల్సి వచ్చింది. మూతకూ కీళ్లకూ ఆ అదనపు తోపుడు మంచిది కాదు. వారం తిరగకుండా మార్చేశాను. రంధ్రం చేసి గ్యాస్ నింపి ఇస్తామనేవారి మాట కూడా నమ్మకండి. అరిగిన సీలు అలాగే ఉన్నప్పుడు నింపిన గ్యాస్ ఎన్నాళ్లు ఆగుతుంది?

మార్చేటప్పుడు

రెండూ కలిపి కొనండి, కానీ ఒకటి విప్పి బిగించాకే రెండోది విప్పండి. మూతను మరొకరు పట్టుకోవాలి. మా చీపురు కర్ర లాంటిది ఈ పనికి చాలదు. చదును మొన ఉన్న స్క్రూడ్రైవర్‌తో గిన్నె మీది తీగ క్లిప్పును కొద్దిగా పైకి లేపండి, పూర్తిగా పీకకండి. గిన్నెను లాగితే బంతి నుంచి ఊడివస్తుంది. కొత్తది పాతదాని దిశలోనే పెట్టండి. మామూలుగా మూత మూసి ఉన్నప్పుడు రాడ్డు కిందివైపు ఉండాలి, అప్పుడే నూనె సీలును తడుపుతుంది. బంతికి చిటికెడు గ్రీజు రాసి, ‘టక్’ మనేదాకా గిన్నెను నొక్కండి. రాడ్డును మాత్రం కటింగ్ ప్లేయర్‌తో పట్టుకోకండి. దాని మీద ఒక్క గీత పడినా కొత్త సీలును కోసేస్తుంది.

పాతవాటిలో ఇంకా పీడనం ఉంటుంది. కోయడం, రంధ్రం చేయడం, మంటలో వేయడం ప్రమాదం. పాత ఇనుము కొనేవారికి ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పి ఇవ్వండి.