మోటారు పడవ: అదే ఇంధనంతో మరికొంత దూరం

చిన్న మోటారు పడవలో ఇంధనం వృథా అయ్యేది పూర్తి వేగంలో మాత్రమే కాదు. ముందు భాగం పైకి లేచి, వెనుక భాగం నీటిలో కూరుకుపోయి, పెద్ద అలను లేపుకుంటూ సాగే మధ్యస్థ వేగంలో కూడా ప్రతి కిలోమీటరుకు ఖర్చు బాగా పెరుగుతుంది. అందువల్ల పడవను నీటిపై తేలికగా జారే స్థితికి త్వరగా తెచ్చి, ఆ స్థితి నిలిచే కనీస వేగానికి థ్రాటిల్ తగ్గించి నడపడం మంచిది. తొందర లేనప్పుడు, అల లేవనంత నెమ్మదిగా వెళ్లడమే అన్నిటికన్నా పొదుపు. పడవ అడుగున పట్టిన నాచును తొలగించాలి, అనవసరపు బరువును దింపివేయాలి. ఎంత పొదుపు చేసినా, ఇంధనంలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు తిరిగి రావడానికి, మిగిలినది ఎదురుగాలి వంటి అవాంతరాలకు అన్న లెక్కను మాత్రం నేను ఎన్నడూ సడలించను.