పచ్చికలో కలుపును గుర్తించి అదుపు చేయడం ఎలా?

పచ్చికలో కలుపు కనిపించగానే చేతికి అందిన మొక్కనల్లా పీకేయడం చాలామందికి అలవాటు. వారం తిరిగేసరికి అదే చోట అదే మొక్క, ఒక్కోసారి రెండింతలై, మళ్లీ లేస్తుంది. నేల కింద దాని వేరు ఎలా ఉందో చూడకుండా పీకడమే ఇందుకు కారణం. అందువల్ల పని పరిశీలనతో మొదలుపెట్టాలి.

మొదటి దశ: మొక్కను గుర్తించడం

పచ్చికలో మొలిచే కలుపులో గడ్డిజాతి, తుంగజాతి, వెడల్పాటి ఆకుల జాతి అని ముఖ్యంగా మూడు రకాలున్నాయి. గడ్డికీ తుంగకూ తేడా కంటికి అందకపోతే పూకాడను మొదలు దగ్గర పట్టుకొని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా తిప్పి చూడండి. గడ్డి కాడ గుండ్రంగానో కాస్త చదునుగానో ఉండి మధ్యమధ్య కణుపులు తగులుతాయి. తుంగ కాడకు కణుపులుండవు, మూడు పలకలుంటాయి. వాటి అంచులు ఒకదాని తరువాత ఒకటి వేలికి స్పష్టంగా తెలుస్తాయి. పచ్చికను కోసిన కొద్ది రోజులకే మిగతా గడ్డిని మించి నిగనిగలాడుతూ పైకి వచ్చేది కూడా చాలావరకు తుంగే.

వెడల్పాటి ఆకుల కలుపును పోల్చుకోవడం తేలిక. పులిచింతకు హృదయాకారంలో మూడేసి చిన్న ఆకులు, పసుపు పూలు ఉంటాయి. నానుబాలు తుంచితే పాలు కారుతాయి. పాయలకూర కాడలు ఎర్రగా, కండగా ఉండి నేలను పరచుకుంటాయి. వయ్యారిభామ ఆకులు క్యారెట్ ఆకులను పోలి ఉంటాయి.

రెండవ దశ: వేరును బట్టి తీయడం

వాన పడిన మరునాడో, నీరు పెట్టిన తరువాతో, నేల మెత్తగా ఉన్నప్పుడు, మొక్క పూతకు రాకముందే తీయడం మంచిది. తల్లివేరు ఉన్న మొక్క పక్కన సన్నని గునపం లోతుగా దింపి, మట్టిని వదులు చేసి, వేరు తెగకుండా లాగాలి. పులిచింత కాయలు ముదిరితే తాకగానే పగిలి గింజలను దూరంగా చిమ్ముతాయి కాబట్టి కాయ పట్టకముందే తీసేయాలి. పాయలకూరను పీకి అక్కడే పడేయకూడదు. తెగిన కాడముక్క తడి నేల తగిలితే మళ్లీ వేళ్లు వేస్తుంది, పీకిన మొక్కమీద కూడా గింజ ముదురుతుంది. వయ్యారిభామ చర్మానికి దురద, దద్దుర్లు తెప్పించగలదు కాబట్టి చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

అన్నిటికన్నా ఓపిక అడిగేది తుంగ. పైనుంచి లాగితే మొక్క తెగి చేతికి వస్తుంది, గడ్డ మాత్రం నేలలోనే ఉండిపోతుంది. ఆ గడ్డలు సన్నని కాడలతో గొలుసులా కలిసి ఉంటాయి. ఒక్కో గడ్డ అనేకసార్లు మొలకెత్తగలదు. ఎక్కువ గడ్డలు పై 15 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి కాబట్టి, తుంగ నాలుగైదు చోట్లే ఉంటే 20 సెంటీమీటర్ల లోతు వరకు తవ్వి, మట్టిని చేత్తో నలిపి గడ్డలను ఏరేయవచ్చు. పచ్చికంతా పాకినప్పుడు అది సాధ్యపడదు. అప్పుడు మొలకకు ఐదారు ఆకులు రాకముందే, మొలిచిన ప్రతిసారీ తీసేస్తూ పోవాలి. కొత్త గడ్డ కట్టే అవకాశం లేక పాత గడ్డలోని నిల్వ క్రమంగా తరుగుతుంది. దీనికి ఒక కాలమంతా పట్టవచ్చు, అయినా విడవకుండా చేస్తే ఫలితం తప్పక కనిపిస్తుంది.

గరిక సంగతి వేరు. మీ పచ్చికే గరికైతే దానిని కలుపు అనలేము. వేరే రకం గడ్డిలోకి పాకితే మాత్రం కణుపు ముక్క కూడా మిగలకుండా తీయాలి.

మూడవ దశ: ఖాళీని పూడ్చడం

కలుపు తీసిన చోటును ఖాళీగా వదిలితే తరువాతి గింజకు దారి ఇచ్చినట్టే. మంచి మట్టి నింపి, అదే రకం పచ్చిక ముక్కను నాటి తడపాలి. ఇకమీదట కోసేటప్పుడు గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకండి. మరీ పొట్టిగా కోస్తే నేలకు వెలుతురు తగిలి కలుపు గింజలు మొలుస్తాయి. రోజూ కాస్తంత తడపడం కన్నా అరుదుగా, లోతుగా నీరు పెట్టడం పచ్చిక వేళ్లకు మేలు. ఎప్పుడూ చిత్తడిగా ఉండే మూల తుంగకు అనుకూలం కనుక అక్కడ నీరు నిలవకుండా చూడాలి.

నాలుగవ దశ: తప్పనిసరైతేనే మందు

చేతితో సాధ్యమయ్యే చోట మందు జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. వాడవలసి వస్తే కలుపు రకానికి తగినది ఎంచుకోవాలి. 2,4-డి వెడల్పాటి ఆకుల మొక్కలకు, హాలోసల్ఫ్యూరాన్ తుంగకు పనిచేస్తాయి. గ్లైఫోసేట్ మాత్రం కలుపుతో పాటు పచ్చికనూ చంపుతుంది. మీ గడ్డి రకానికి ఆ మందు సరిపడుతుందో లేదో లేబుల్‌లో చూసి, అక్కడ చెప్పిన మోతాదు దాటకుండా, గాలి లేని చల్లని పూట చల్లండి. తుంగ వాడిపోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఈలోగా మళ్లీ చల్లకూడదు. కొత్తగా వేసిన పచ్చికకు వేళ్లు బాగా పట్టేవరకు ఏ మందూ వద్దు. చల్లిన రోజు ఆకులు పూర్తిగా ఆరేవరకు, లేబుల్‌లో అంతకన్నా ఎక్కువ వ్యవధి ఉంటే అప్పటివరకు, పిల్లలను, పెంపుడు జంతువులను పచ్చికమీదకు రానీయకండి.