షుగరు కాలి పుండుతో చేరిన పేషెంటు: అడ్మిషన్ నుంచి డిశ్చార్జి దాకా వార్డు నర్సు పని

సర్జికల్ వార్డులో ఒక్క పేషెంటు చుట్టూ ఎంతమంది తిరుగుతారో తెలియాలంటే షుగరు కాలి పుండు కేసు చూడాలి. పుండు కోసి శుభ్రం చేసేది సర్జన్. షుగరు చూసేది ఫిజీషియన్. మత్తుకు ఫిట్‌నెస్ ఇచ్చేది అనస్థీషియా డాక్టరు. ఇక ల్యాబు, ఎక్స్‌రే, డాప్లర్ (కాలిలో రక్తప్రవాహం చూసే స్కాన్), బ్లడ్ బ్యాంకు, వంటగది, ఫిజియోథెరపీ, ఆరోగ్యశ్రీ డెస్కు, మంచం పక్కన కొడుకో కోడలో. ఎవరి పని వాళ్లకు బాగానే వచ్చు. తప్పు జరిగేది ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరే చోట. రాత్రీ పగలూ మంచం దగ్గర ఉండేది నర్సులే కాబట్టి, ఏ డ్యూటీ చార్టులో రాయకపోయినా ఆ చేరవేత నర్సు పనే.

ముందుగా ఒక అలవాటు. కేస్‌షీట్‌లో “ఫిజీషియన్ ఒపీనియన్” అని ఉన్నంత మాత్రాన పని మొదలైనట్టు కాదు. ఎవరికి చెప్పాం, ఎన్నింటికి చెప్పాం, ఏమన్నారు అనే మూడూ పక్కన పడాలి. “11:20కి డ్యూటీ ఫిజీషియన్‌కు ఫోన్ చేశాం, ఓపీ అయ్యాక 2 గంటలకు వస్తానన్నారు” అని ఉంటే, రెండున్నరకు మళ్లీ ఫోన్ చేయాలని మధ్యాహ్నం డ్యూటీ సిస్టర్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటి గంట

పేషెంటును పేరు, ఐపీ నంబరు (అడ్మిషన్ నంబరు), ఈ రెంటితో గుర్తించాలి. బెడ్ నంబరుతో కాదు. సాయంత్రానికి బెడ్లు మారతాయి, శాంపిళ్లు మారవు.

బీపీ, పల్స్, టెంపరేచర్, ఆక్సిజన్, సీబీజీ (వేలి చివర గుచ్చి చూసే షుగరు), బరువు చూడండి. శ్వాస మాత్రం నిమిషం పాటు లెక్కపెట్టండి. వార్డులో అందరికీ 20 అని రాసి ఉందంటే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. కాలికి ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీయడం) ముందుగా బయటపడేది చాలాసార్లు ఆ అంకెలోనే.

రెండు కాళ్లూ చూడాలి. కట్టు ఉన్న కాలు అందరూ చూస్తారు. రెండో కాలి మడమ, వేళ్ల సందులు ఎవరూ చూడరు. కొత్త పుండు మొదలయ్యేది అక్కడే. ఎర్రదనం ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గీత గీసి పక్కన టైము వేస్తే, రాత్రి డ్యూటీవాళ్లు “పెరిగినట్టుంది” అని తటపటాయించరు, గీత దాటిందో లేదో చెప్తారు.

తర్వాత మందుల సంచి. “ఏం మందులు వాడుతున్నారు?” అంటే “షుగరు బిళ్లలు, బీపీ బిళ్లలు” అంటారు. స్ట్రిప్పులు తెప్పించి పేర్లు రాసుకోండి. ఇంట్లో మర్చిపోయి వస్తే ఫోన్లో ఫోటో పంపమనండి. ముఖ్యంగా వెతకాల్సినవి మూడు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు బిళ్లలు ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందే ఆపాలి. లేకపోతే షుగరు 180, 200 దగ్గరే కనిపిస్తున్నా లోపల కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు. క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలుచన చేసే మందులుంటే వెన్నులో మత్తు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయమే మారిపోతుంది. మెట్‌ఫార్మిన్ అనే షుగరు బిళ్ల ఉంటే కాంట్రాస్ట్ (రక్తనాళంలోకి ఎక్కించే మందు)తో సీటీ యాంజియోగ్రామ్ తీసే ముందు క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల పనితీరు చెప్పేవి) రిపోర్టు చేతిలో ఉండాలి. ఈ మూడింట్లో ఏది కనిపించినా కేస్‌షీట్‌లో రాసి ఊరుకోకుండా, నోటితో కూడా చెప్పండి.

యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే కల్చర్ (ఏ క్రిమో తేల్చే పరీక్ష) తీయాలి. పుండు పైన దూదితో తుడిచిన స్వాబ్‌లో చర్మం మీది క్రిములు పెరుగుతాయి. పుండు కడిగాక లోపలి కణజాలం డాక్టరు తీసిస్తేనే రిపోర్టు పనికొస్తుంది. అలాగని పేషెంటు బీపీ పడిపోతుంటే కల్చర్ కోసం కూర్చోవద్దు. సెప్టిక్ షాక్ అనుమానం ఉంటే గంటలోపు మందు పడాలి.

రక్తం తీసేటప్పుడు

వరస ఇది: బ్లడ్ కల్చర్ బాటిల్, లేత నీలం మూత ట్యూబు, ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిద రంగు. ఊదా మూత ట్యూబులో ఉండేది పొటాషియం ఈడీటీఏ. అది ముందు తీసి, అందులోది కాస్త ఎర్ర ట్యూబులోకి పోతే పొటాషియం లేనిపోని ఎక్కువగా, కాల్షియం తక్కువగా వస్తాయి. నీలం ట్యూబు గీత దాకా నిండకపోతే పీటీ ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష) తప్పుతుంది. సెలైన్ ఎక్కుతున్న చేతికి తీస్తే అన్నీ పలుచనే. లేబుల్ మంచం దగ్గరే, రక్తం తీసిన వెంటనే అంటించండి. క్రాస్ మ్యాచ్ (ఎక్కించే రక్తం సరిపోతుందో చూసే పరీక్ష) శాంపిల్‌కు ఇది మరీ ముఖ్యం. ట్రేలో నాలుగు ట్యూబులు పెట్టుకుని కౌంటర్ దగ్గర లేబుళ్లు రాయడంలోనే ఒకరి గ్రూపు ఇంకొకరికి పోయే ప్రమాదం ఉంది.

ల్యాబ్ నుంచి ఫోన్లో పొటాషియం 6.4 (ప్రమాదకరంగా ఎక్కువ) అంటే, విన్నది తిరిగి చదివి వినిపించి, చెప్పినవాళ్ల పేరు, టైము రాసి, డ్యూటీ డాక్టరుకు అప్పుడే చెప్పాలి. రిపోర్టు కాగితం వచ్చేదాకా ఆగడం తప్పు.

ఇన్సులిన్, భోజనం

ఈ కేసులో నర్సు తలనొప్పి అంతా ఇక్కడే. సీబీజీ మూడు పూటలా తిండికి ముందు, పడుకునే ముందు ఒకసారి. రెగ్యులర్ ఇన్సులిన్ అయితే తినడానికి అరగంట ముందు ఇవ్వాలి. ఇచ్చాక భోజనం బండి గంట ఆలస్యమైతే పేషెంటు షుగరు పడిపోయి చెమటలు పట్టి కూర్చుంటాడు. కాబట్టి ఇన్సులిన్ తీసే ముందు “బండి బయల్దేరిందా?” అని వంటగదికి ఒక్క ఫోన్. ఇంకో ముప్పు డాప్లర్ పిలుపు. ఇన్సులిన్ ఇచ్చిన పది నిమిషాలకు వార్డ్ బాయ్ స్ట్రెచర్ తెచ్చి తీసుకెళ్లిపోతాడు, పళ్లెం మంచం మీద చల్లారిపోతుంది. పొద్దున్నే స్కానింగ్‌వాళ్లతో టైము మాట్లాడుకోండి. కుదరకపోతే తిన్నాకే పంపండి, లేదా స్కానింగ్ నుంచి తిరిగొచ్చాక ఇన్సులిన్ ఇచ్చేలా డాక్టరుతో రాయించుకోండి.

సీబీజీ 70 లోపుంటే, మెలకువగా ఉండి మింగగలిగితే, మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు, డాక్టరును పిలిచి రక్తనాళం ద్వారా డెక్స్‌ట్రోస్ (గ్లూకోజు) ఎక్కించాలి. షుగరు సర్దుకున్నాక తర్వాతి ఇన్సులిన్ డోసు సంగతి అడగాలి. చాలాచోట్ల ఇది మర్చిపోయి, మధ్యాహ్నం పాత డోసే ఇస్తారు.

సిరంజి చూసుకోండి. మన దగ్గర వయల్ (చిన్న సీసా) ఇన్సులిన్ ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లదానికి నారింజ మూత. 100 ఇన్సులిన్‌ను 40 సిరంజిలో పది గీతల దాకా లాగితే పేషెంటుకు పోయేది 25 యూనిట్లు. తిరగేస్తే నాలుగే. ఆర్డరులో “యూనిట్లు” అని పూర్తిగా రాయించండి. అంకె పక్కన ఇంగ్లీషు యు అక్షరం ఒక్కటే రాస్తే అది సున్నాలా కనిపించి పది కాస్తా వంద అవుతుంది.

ఆపరేషన్ ముందు రోజు

“రాత్రి పన్నెండు తర్వాత ఏమీ వద్దు” అని అందరికీ ఒకే మాట చెప్పేయడం తేలిక. లిస్టులో ఆఖరివాడైతే మధ్యాహ్నం రెండింటికి పద్నాలుగు గంటల ఉపవాసం అవుతుంది. మామూలు లెక్క తేలికపాటి తిండికి ఆరు గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు. పాత షుగరు పేషెంట్లలో కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది కాబట్టి అనస్థీషియా డాక్టరు ఇంకాస్త పెంచవచ్చు, వాళ్లనే అడగండి. షుగరు పేషెంటును లిస్టులో మొదట పెట్టమని ఓటీ ఇంచార్జిని అడగడం నర్సు చేయగలిగిన అన్నింటికంటే చవకైన మేలు.

అనస్థీషియా డాక్టరుతో రాయించుకోవాల్సినవి: రాత్రి బేసల్ (రోజంతా నిదానంగా పనిచేసే) ఇన్సులిన్ ఎంత, పొద్దున రెగ్యులర్ డోసు ఆపాలా, బీపీ మాత్రల్లో ఏది గుక్కెడు నీళ్లతో ఇవ్వాలి, ఉపవాసంలో సీబీజీ ఎన్ని గంటలకోసారి. గంటకో రెండు గంటలకో చూడాల్సిందే.

కన్సెంట్ తెలుగులో, “కుడి కాలి బొటనవేలు” అని పూర్తిగా ఉండాలి. లోపల చూశాక ఇంకా పైకి తీయాల్సి రావచ్చని సర్జన్ చెప్పి ఉండాలి. చెప్పకపోతే రేపు గొడవ వార్డులో సిస్టర్ మీదికే వస్తుంది. వేలిముద్ర వేసేవాళ్లకు చదివి వినిపించి సాక్షి సంతకం తీసుకోండి. గాజులు, మెట్టెలు, మొలతాడు తీయించి ఇంటివాళ్లకు అప్పజెప్పి సంతకం. మంగళసూత్రం తీయనంటే బతిమాలొద్దు, పసుపుతాడు కట్టుకుని బంగారం తీయమంటే చాలామంది ఒప్పుకుంటారు. కాటరీ (కరెంటుతో కాల్చి రక్తం ఆపే పరికరం) వాడినప్పుడు లోహం దగ్గర చర్మం కాలే ప్రమాదం ఉందని కారణం కూడా చెప్పండి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేస్తున్న కేసయితే అనుమతి వచ్చిందో లేదో ముందురోజు సాయంత్రమే డెస్కులో అడగండి. ఏ రిపోర్టో అప్‌లోడ్ కాలేదని పొద్దున ఎనిమిదింటికి తెలిస్తే, ఉపవాసం ఉన్న పేషెంటు మళ్లీ మంచం మీదికే.

ఫోన్ చేయాల్సి వచ్చినప్పుడు

డ్యూటీలు మారేటప్పుడు, డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు ఎస్‌బార్ పద్ధతి పనికొస్తుంది: ఇప్పుడేమైంది, వెనుక సంగతి, నేను చూసింది, నాకేం కావాలి. అమెరికా జలాంతర్గాముల్లో మొదలై ఆసుపత్రులకు వచ్చింది. నాలుగో ముక్క దగ్గరే మనవాళ్లు తడబడతారు. “సార్, పేషెంట్ బాగోలేదు” అని ఆపేస్తే అవతలి నుంచి “చూస్తూ ఉండండి” అనే వస్తుంది. ఇలా చెప్పి చూడండి (డిబ్రైడ్‌మెంట్ అంటే పుండు కోసి శుభ్రం చేయడం):

“సార్, సర్జికల్ వార్డు స్టాఫ్ నర్సును. నిన్న కుడికాలు డిబ్రైడ్‌మెంట్ అయిన పేషెంటు, బరువు 60 కిలోలు. బీపీ 90/60, పల్స్ 118, శ్వాస 26, జ్వరం 101.5. నాలుగు గంటల్లో యూరిన్ 80 ఎంఎల్. సెప్సిస్ ఏమోనని అనుమానం. మీరిప్పుడు వచ్చి చూడాలి. వచ్చేలోపు బ్లడ్ కల్చర్ తీయమంటారా, ఫ్లూయిడ్ పెంచమంటారా?”

60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 ఎంఎల్ యూరిన్ రావాలి, నాలుగు గంటలకు 120. న్యూస్‌-2 స్కోరు (బీపీ, పల్స్ లాంటివాటికి మార్కులు వేసి ప్రమాదాన్ని అంచనా వేసే పద్ధతి) వేసే వార్డయితే పై అంకెలకే 9 వస్తుంది. 7 లేదా అంతకు మించితే ఎమర్జెన్సీ. ఫోన్లో డోసు చెప్తే రాసుకుని తిరిగి చదవండి, ఫిఫ్టీన్ అన్నారో ఫిఫ్టీ అన్నారో “ఒకటి, ఐదు” అని విడదీసి అడగండి. పది నిమిషాల్లో ఎవరూ రాకపోతే పైవాళ్లకు చేయండి. కోప్పడతారేమో, పడనివ్వండి.

హ్యాండోవర్ కౌంటర్ దగ్గర కాదు, మంచం దగ్గర. ఇద్దరూ కలిసి కట్టు, క్యాన్యులా (సెలైన్ సూది గొట్టం), యూరిన్ బ్యాగు, పంపు రేటు చూడాలి. రక్తం ఎక్కుతుంటే మొదలైన టైము చెప్పాలి. బ్యాగు బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చిన అరగంటలో మొదలుపెట్టి, నాలుగు గంటల్లో పూర్తి కావాలి. చివరగా జరిగినవాటికంటే జరగనివి: రాని రిపోర్టు, రాని డాక్టరు, తెప్పించాల్సిన మందు.

డిశ్చార్జి

డిశ్చార్జి రాసిన రోజు నేర్పడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. ఇన్సులిన్ ఎవరు ఎక్కిస్తారో రెండో రోజే కనుక్కుని, ఆ మనిషి చేతే రోజూ వార్డులో చేయించండి. “అర్థమైందా?” అంటే అందరూ “ఆఁ” అనే అంటారు. సిరంజి చేతికిచ్చి “రేపు పొద్దున డోసు తీసి చూపించమ్మా” అనండి. ఫ్రిజ్ లేని ఇల్లయితే, వేసవిలో తడి ఇసుక మీద పెట్టిన మట్టికుండలో, ప్లాస్టిక్ డబ్బాలో వయల్ పెట్టుకోమనండి. నీళ్లలో మునగకూడదు. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో చాలు, ఫ్రీజర్‌లో వద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

కట్టు ఎక్కడ మార్పించుకుంటారో ఊరి పేరుతో రాయండి. దగ్గరి పీహెచ్‌సీ పేరు, ఎన్ని రోజులకోసారి, దేంతో శుభ్రం చేయాలి అని చీటీలో ఉంటే అక్కడి ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) మళ్లీ మొదటినుంచి అడగక్కర్లేదు. వేడినీళ్లలో కాళ్లు పెట్టొద్దు, స్పర్శ తెలియదు కాబట్టి కాలినా తెలియదు. చెప్పులు వేసుకునే ముందు లోపల చేయిపెట్టి చూసుకోవాలి. అయ్యప్ప మాల వేసుకునే అలవాటుందా అని అడగండి. 41 రోజులు ఉత్త కాళ్లతో నడిస్తే మాన్పిన పుండు మళ్లీ తెరుచుకుంటుంది. గురుస్వామితో మాట్లాడుకోమని ముందే చెబితే వింటారు, పుండయ్యాక చెబితే బాధపడతారు.

పథకం కింద చేసిన కేసుకు డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి. ఫార్మసీ నుంచి తెప్పించి, పాత సంచిలోని బిళ్లలతో పక్కపక్కన పెట్టి చూడండి. ఆపమన్న బిళ్ల ఇంకా సంచిలోనే ఉంటే దాని మీద పెద్దగా ఇంటూ గుర్తు పెట్టి చూపించండి. జ్వరం, దుర్వాసన, నల్లబడటం, ఎర్రగీత పైకి పాకడం, ఈ నాలుగింట్లో ఏది కనిపించినా వాయిదా తేదీ దాకా ఆగకుండా రమ్మనండి. రాత్రి పూట ఎత్తే ఫోన్ నంబరు చీటీ పైన, కింద కాదు, పెద్ద అక్షరాలతో రాయండి.