బ్రిడ్జ్ పాఠాలు – 9: ఎదుటివాళ్ళు పాటలో దూరితే స్లామ్ దారి

గత పాఠంలో స్లామ్ పాట, అంటే పన్నెండు గానీ పదమూడు గానీ ట్రిక్కులు (పట్లు) చేస్తామని పాడటం, మనిద్దరి మధ్యే నడిచింది. ఎదుటివాళ్ళు బుద్ధిగా పాస్ అంటుంటే మనం తాపీగా ఆసులు లెక్కపెట్టుకున్నాం. భీమవరంలో గానీ అమలాపురంలో గానీ క్లబ్బు బల్ల దగ్గర అంత మర్యాదస్తులు దొరకరండి. మన చేతిలో మంచి ముక్కలున్నాయని పసిగట్టగానే అడ్డం పడతారు.

ఎందుకు పడతారో లెక్క చూడండి. మనం వల్నరబుల్‌గా (బోనసూ జరిమానా రెండూ పెరిగే స్థితిలో) ఉండి 6 ఇస్పేట్లు, అంటే ఇస్పేటు తురుపుగా 12 ట్రిక్కులు, చేస్తే 1430 వస్తాయి. వాళ్ళు వల్నరబుల్ కాకపోతే, డబుల్ (ఓడితే జరిమానా పెంచే పాట) తిని 5 ట్రిక్కులు తగ్గినా వాళ్ళకి పోయేది 1100, 6 తగ్గితే 1400. ఆరు ట్రిక్కులు ఓడి కూడా 30 మిగుల్చుకున్నట్టే! ఆకివీడు వైపు చేపల చెరువు లీజు పాటలో చెరువు అక్కర్లేనివాడు రేటు ఎగదోస్తాడు చూడండి, అచ్చం అదే ఎత్తు. ఒక్కోసారి చెరువు వాడి నెత్తినే పడుతుంది, అది వేరే సంగతి.

కాబట్టి ముందు వాళ్ళ రంగు సంగతి తేల్చుకోవాలి. ఆసుల లెక్క ఆ తర్వాతే.

మీ చేయి ఇది. ఇస్పేటు: రాజు, రాణి, 10, 8, 5. ఆఠీను: 7. డైమను: ఆసు, రాజు, జాకీ, 6. కళావరు: ఆసు, 8, 3.

మీరు 1 ఇస్పేటు పాడారు. ఎడమవాడు 2 ఆఠీన్లు, మీ పార్ట్‌నర్ 3 ఆఠీన్లు, కుడివాడు 4 ఆఠీన్లు.

పార్ట్‌నర్ వాళ్ళ రంగునే పాడాడంటే అది క్యూబిడ్. "ఇస్పేట్లు కలిశాయి, పది పాయింట్లకి తక్కువ లేదు" అని దాని భావం (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 పాయింటు). ఇప్పుడు ఆయన చేయి రెండు రకాలుగా ఊహించండి.

మొదటిది: ఇస్పేటు ఆసు, జాకీ, 7, 4. ఆఠీను 8, 5, 2. డైమను రాణి, 9, 3. కళావరు రాజు, రాణి, 6.

రెండోది: ఇస్పేట్లూ డైమన్లూ అవే. ఆఠీను రాణి, జాకీ, 5. కళావరు రాణి, 6, 2.

రెంటిలోనూ 12 పాయింట్లే, ఆసు ఒక్కటే. మొదటి చేతితో ఇస్పేట్లు 5, డైమన్లు 4, కళావర్లు 3, మొత్తం పన్నెండు ట్రిక్కులు ఎదురుగా కనిపిస్తున్నాయి. పోయేది ఒక్క ఆఠీను. రెండో చేతిలో ఆఠీను బొమ్మలు మీ ఒంటి ఏడుకి ఎదురుగా దండగైపోయాయి. ఒక ఆఠీనుతో పాటు కళావరు రాజుకీ ఒక ట్రిక్కు పోతుంది కాబట్టి స్లామ్ దాదాపు కుదరదు.

కుడివాడు పాస్ అని ఉంటే మీరే 4 ఆఠీన్లు పాడి "నాకు ఆ రంగు లేనట్టే" అని చెప్పేవారు. రెండో చేయి ఉన్న పార్ట్‌నర్ 4 ఇస్పేట్లతో ఆగిపోయేవాడు. కుడివాడు లాక్కున్నది సరిగ్గా ఆ పాటే. అయితే వాడు ఊరికే లాక్కోలేదు, ఒక కబురు కూడా ఇచ్చాడు. వాళ్ళిద్దరికీ కలిపి తొమ్మిదో పదో ఆఠీన్లుంటే పెద్ద బొమ్మలు కూడా చాలావరకు అక్కడే ఉంటాయి. పార్ట్‌నర్‌కి మిగిలేవి మహా అయితే మూడు చిన్న ముక్కలు. కాస్త సాహసమే గానీ, నేనైతే 4 నోట్రంప్‌తో (తురుపు లేని పాటతో) ఆసులెన్నని అడుగుతాను.

ఈ ప్రశ్న 1933లో ఈస్లీ బ్లాక్‌వుడ్ పెట్టినది. ఇప్పుడు నాలుగు ఆసులతో పాటు తురుపు రాజునీ కలిపి ఐదు కీ కార్డులుగా లెక్కిస్తున్నాం. ఎడమవాడు ఊరుకోక 5 ఆఠీన్లు అన్నాడనుకోండి, మామూలు జవాబులు చెల్లవు. అక్కడ డోపీ అనే జవాబుల పద్ధతి వాడాలి. డబుల్ అంటే సున్నా, పాస్ అంటే ఒకటి, ఆ పైన మొదటి మెట్టు 5 ఇస్పేట్లు అంటే రెండు, 5 నోట్రంప్ అంటే మూడు. సున్నాకి డబుల్ పెట్టడంలో కిటుకుంది: స్లామ్ లేదని తేలితే ఆ డబుల్ మీదే ఆగి జరిమానా వసూలు చేసుకోవచ్చు. మన ఆటలో పార్ట్‌నర్ పాస్ అంటాడు. మీవి మూడు, ఆయనది ఒకటి, లేనిది ఆఠీను ఆసే. 6 ఇస్పేట్లు పాడేయండి. ఆ పాస్‌ని మామూలు పాస్ అనుకుని మీరూ పాస్ అన్నారో, వాళ్ళు డబుల్ కూడా లేకుండా చవగ్గా బయటపడతారు. అందుకే ఇది ముక్కలు పంచకముందే ఇద్దరూ మాట్లాడుకోవాల్సిన ఒప్పందం.

వాళ్ళు పాడకుండా 4 నోట్రంప్‌నే డబుల్ చేస్తే రోపీ: రీడబుల్ సున్నా, పాస్ ఒకటి.

మన తురుపు ఐదో మెట్టుని వాళ్ళు దాటేస్తే, అంటే మనది ఆఠీను అయ్యుండి వాళ్ళు 5 ఇస్పేట్లు అంటే, మెట్లు ఎక్కుతూ జవాబు చెప్పడం ప్రమాదం. ఏం చెప్పినా ఆరులోకి పోయినట్టే. అక్కడ డెపో: సరిసంఖ్య అయితే డబుల్, బేసి అయితే పాస్. సున్నానా రెండా అన్నది అడిగినవాడు తన చేతిని బట్టి తేల్చుకుంటాడు.

వచ్చే వారానికి లెక్క: తురుపు ఆఠీను. పార్ట్‌నర్ 4 నోట్రంప్ అడిగాడు, కుడివాడు 5 ఇస్పేట్లు అన్నాడు. మీ దగ్గర ఇస్పేటు 6. ఆఠీను ఆసు, రాణి, 9, 4. డైమను ఆసు, 10, 7, 5, 3. కళావరు రాజు, 8, 2. మీ జవాబేంటి? వాడు 5 ఇస్పేట్లకు బదులు 5 డైమన్లు అని ఉంటే?