వానాకాలం బేస్ గిటార్ తీగలు పైకి లేస్తే

చెన్నైలో అక్టోబరు వానలు మొదలయ్యాయంటే మా ఇంట్లో తలుపులతో పాటు బేస్ గిటార్ నెక్ (తీగల కింద ఉండే పొడవాటి చెక్క మెడ) కూడా మాట వినదు. ఈసారి ఏడో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర తీగలు ఎంత ఎత్తుకు లేచాయంటే, రెండు పాటలయ్యేసరికి వేళ్లు లాగేసేవి. ఇలాంటప్పుడు చాలామంది ముందు గిటార్ బాడీ మీదుండే బ్రిడ్జి మీద శాడిల్స్ (తీగలు ఆనే చిన్న దిమ్మెలు) దించేస్తారు. కానీ ముందు చూడాల్సింది నెక్ వంపుని.

మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్) పెట్టి, చివరి ఫ్రెట్ దగ్గర లావు తీగ నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్‌కీ ఆ తీగకీ మధ్య సందు కొలిచాను. సందు కొలిచే పల్చటి బ్లేడుల ఫీలర్ గేజ్ కోసం మ్యూజిక్ షాపులు తిరగక్కర్లేదు. బండి మెకానిక్‌లు వాల్వుల సందు చూసుకునే గేజే అది, పుదుపేటలో దొరుకుతుంది. సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 0.6 బ్లేడు హాయిగా దూరిపోయింది! తీగలు కాస్త వదులు చేసి, ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపుని సరిచేసే కడ్డీ) నట్టుని గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నకి చాలావరకు దారికొచ్చింది, ఇంకాస్త తిప్పితే సరిపోయింది. నట్టు బిగుసుకుపోయి ఉంటే మాత్రం బలం చూపించకండి. రాడ్ తెగితే నెక్ పోయినట్టే.

శాడిల్స్ ఆ తర్వాతే. లావు తీగ పన్నెండో ఫ్రెట్ దగ్గర 2.5 మిల్లీమీటర్ల ఎత్తులో నాకు బాగుంది. సముద్రపు గాలికి ఆ బుల్లి స్క్రూలు తుప్పు పట్టి కదల్లేదు (బెసంట్ నగర్‌లో ఉంటే అద్దెతో పాటు ఇదీ భరించాలి). తుప్పు వదిలించే నూనె దూదిపుల్లతో అద్ది, కాసేపాగి తిప్పాను.

ఇక ఇంటొనేషన్, అంటే ఏ ఫ్రెట్‌లో నొక్కినా స్వరం సరిగ్గా పలకడం. పన్నెండో ఫ్రెట్‌లో నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే హెచ్చుగా పలికితే శాడిల్ నెక్‌కి దూరంగా వెనక్కి, తగ్గితే ముందుకి.