శంషాబాద్ నుంచి కొత్త రూటు గిట్టుబాటవుతుందో లేదో లెక్క వేయడం ఎలా?

మ్యాప్‌లో విమానం లేని ఊరు కనిపిస్తే చాలు, వేస్తే నిండిపోతుందనిపిస్తుంది. ముందు ఆ రూటులో ఎవరైనా నడిపి మానేశారేమో చూడండి. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే సంస్థలకు ప్రభుత్వం సొమ్మిచ్చే ఉడాన్ పథకంలో విమానాలు మొదలైన రోజే, 2017 ఏప్రిల్ 27న, హైదరాబాద్–కడప విమానం ఎగిరింది. నడిపింది మన హైదరాబాద్ సంస్థే, ట్రూజెట్. 2022 ఫిబ్రవరికల్లా ఆ సంస్థ విమానాలన్నీ నేల మీదే ఆగిపోయాయి. ఉడాన్‌లో ప్రభుత్వమిచ్చే సొమ్ము మూడేళ్లకే. కాబట్టి అది లేకుండానే లెక్క వేయండి.

తర్వాత అసలు పోటీ ఎవరిదో తేల్చుకోవాలి. విజయవాడకైతే రాత్రి బస్సుదే. కూకట్‌పల్లి మనిషి శంషాబాద్ చేరి, చెకింగ్ ముగించుకుని, గన్నవరంలో దిగి ఊళ్లోకి వెళ్లేసరికి బస్సు కంటే పెద్దగా కలిసొచ్చేదేమీ ఉండదు. విశాఖ సంగతి వేరు. రైల్లో ఒక రాత్రంతా పడుతుంది, విమానంలో గంటా పావు. కానీ అక్కడ ఇండిగో ముందే పాతుకుపోయింది.

ఇక డబ్బు లెక్క. ఏటీఆర్‌లో, అంటే చిన్న రూట్లలో తిప్పే ప్రొపెల్లర్ విమానంలో, 78 సీట్లనుకుందాం. ఇంధనం, లీజు, సిబ్బంది, మరమ్మతులు, ల్యాండింగ్ ఛార్జీలు అన్నీ కలిపి ఒక ట్రిప్పుకి 2,40,000 రూపాయలు అవుతుందని ఊహించండి. టికెట్ ధరలోంచి 5 శాతం జీఎస్టీ, ఎయిర్‌పోర్టు ఫీజులు పోగా మీ చేతికి సగటున 4,000 మిగిలితే 60 మంది ఎక్కాలి. అంటే 77 శాతం. శుక్రవారం సాయంత్రం ఒక్కటే చూసి సంబరపడొద్దు, మంగళవారం మధ్యాహ్నాన్నీ కలపండి. పండగలైతే మరీ మోసం. సంక్రాంతికి ముందు కోస్తా వైపు సీటు దొరకదు, అదే విమానం వెనక్కి ఖాళీగా వస్తుంది. అందుకే రానూపోనూ కలిపే లెక్క కట్టాలి.

ఇప్పుడు అదే లెక్క 3,500తో మళ్లీ వేయండి. 69 మంది కావాలి, అంటే 88 శాతం. ధర తగ్గించి చూడటం ఎందుకంటే, మీరు మొదలుపెట్టగానే పెద్ద సంస్థ మీకంటే అరగంట ముందు ఒక విమానం వేసి, ధర తగ్గిస్తుంది. ఆరు నెలలు ఆ నష్టం భరించగలరా? చాలామంది ఈ ప్రశ్న దాటేస్తారు. నా లెక్కలో మాత్రం సగం నిర్ణయం ఇక్కడే తేలిపోతుంది.

రాజమండ్రి నుంచి వచ్చి శంషాబాద్‌లో దుబాయ్ విమానం ఎక్కేవాళ్లు మీకు ఊరటే. కాకపోతే ఆ టికెట్ డబ్బంతా చిన్న రూటు ఖాతాలో వేసుకోకండి, దూరాన్నిబట్టి పంచండి.

విమానానికి ఖాళీ సమయం ఊరికే రాదు. కొత్త రూటులో రానూపోనూ మూడు గంటలు పడుతుందనుకుంటే, ఆ సమయంలో ఇప్పుడున్న రూటులోనే ఇంకో ట్రిప్పు తిప్పితే ఎంత మిగిలేదో పక్కన రాయండి. కొత్త రూటు లాభం దాన్ని మించకపోతే వదిలేయండి.

మించితే అక్టోబరు చివరి ఆదివారం మొదలయ్యే శీతాకాల షెడ్యూలుకు స్లాట్లు, అంటే విమానం దిగడానికి, ఎగరడానికి ఎయిర్‌పోర్టు కేటాయించే సమయాలు, అడగండి. వరుసగా ఎన్ని వారాలు, ఎంతమంది కంటే తగ్గితే ఆపేయాలో మొదటి టికెట్ అమ్మకముందే కాగితం మీద పెట్టుకోండి.